సూత్రం బట్టీ వద్దు, కట్టుకోవడం నేర్చుకోండి: అంకశ్రేఢి, గుణశ్రేఢి తొలి పాఠం

పదో తరగతిలో శ్రేఢుల పాఠం రాగానే చాలామంది పిల్లలు సూత్రాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని బట్టీ పడతారు. పరీక్ష హాల్లో కూర్చున్నాక అనుమానం మొదలవుతుంది. అది ఎన్ మైనస్ వన్నా, ఎన్ ప్లస్ వన్నా? గుణించాలా, ఘాతం వేయాలా? బట్టీ పట్టిన సూత్రంలో ఒక్క గుర్తు మరిచిపోతే లెక్క మొత్తం పోతుంది. సూత్రం ఎలా వచ్చిందో తెలిసినవాళ్లు మరిచిపోయినా మళ్లీ రెండు నిమిషాల్లో కట్టుకోగలరు.

ఈ పాఠం అలా కట్టుకోవడం గురించే. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం వస్తే చాలు. పదో తరగతి పిల్లలతో పాటు పోటీ పరీక్షలకు చదివేవాళ్లూ, పిల్లలకు ఇంట్లో లెక్కలు చెప్పే తల్లిదండ్రులూ కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి. ప్రతి మెట్టు దగ్గర ఆగి లెక్క మీరే చేయండి.

ముందుగా తెలియాల్సిన మాటలు

ఒక వరుసలో రాసిన సంఖ్యల్లో ప్రతి సంఖ్యనూ పదం అంటారు. మొదటి పదానికి "ఎ" అని పేరు. పదం వరుసలో ఎన్నోదో చెప్పేది స్థానం, దానికి "ఎన్" అని పేరు.

ప్రతిసారీ ఒకే సంఖ్యను కలుపుతూ పోతే వచ్చేది అంకశ్రేఢి. అలా కలిపే సంఖ్య సామాన్య భేదం, దాన్ని "డి" అంటాం. పదాంతరం అన్నా అదే. ప్రతిసారీ ఒకే సంఖ్యతో గుణిస్తూ పోతే వచ్చేది గుణశ్రేఢి. అలా గుణించే సంఖ్య సామాన్య నిష్పత్తి, దాన్ని "ఆర్" అంటాం.

ఘాతానికి ఇక్కడ ^ గుర్తు వాడుతున్నాను. 2^3 అంటే 2 × 2 × 2, అంటే 8.

మొదటి మెట్టు: ప్రతి పదం పైన దాని స్థానం రాయండి

ఒక అగ్గిపెట్టె తీసుకోండి. నాలుగు పుల్లలతో ఒక చతురస్రం పేర్చండి. దాని కుడివైపు ఆనుకుని రెండోది పేర్చండి. మధ్యలో పుల్ల రెండింటికీ ఉమ్మడిగా పనికొస్తుంది కాబట్టి కొత్తగా మూడే కావాలి. మూడో చతురస్రానికీ మూడే. పుల్లల లెక్క ఇలా వస్తుంది:

స్థానం: 1, 2, 3, 4, 5
పుల్లలు: 4, 7, 10, 13, 16

స్థానాలు రాయడం చిన్నపనే, కానీ దీన్ని వదిలేస్తే ముందుకు పోలేం. స్థానం చెబితే పదం చెప్పేదే సూత్రం. పై వరుసకూ కింది వరుసకూ ఉన్న సంబంధమే మనం వెతుకుతున్నది. రెండు వరుసలూ కళ్ల ముందు ఉండాలి.

రెండో మెట్టు: తీసివేసి చూడండి, కుదరకపోతే భాగించి చూడండి

ప్రతి పదంలోంచి దాని ముందు పదాన్ని తీసేయండి. 7 − 4 = 3, 10 − 7 = 3, 13 − 10 = 3. అన్నీ ఒకటే వచ్చాయి కాబట్టి ఇది అంకశ్రేఢి, డి = 3.

ఇప్పుడు 3, 6, 12, 24 చూడండి. తేడాలు 3, 6, 12. ఒకటిగా లేవు. భాగించండి: 6 ÷ 3 = 2, 12 ÷ 6 = 2, 24 ÷ 12 = 2. ఇది గుణశ్రేఢి, ఆర్ = 2.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, ఒక్క జత చూసి తేల్చేయకండి. 2, 4 వరకే చూస్తే తర్వాతిది 6 కావచ్చు, 8 కూడా కావచ్చు. ఉన్న జతలన్నీ చూడాలి. రెండోది, ఎప్పుడూ వెనకదాంట్లోంచి ముందుదాన్నే తీసేయాలి. 50, 47, 44లో 47 − 50 = −3. ఆ మైనస్‌ను వదిలేస్తే తగ్గాల్సిన శ్రేఢి పెరుగుతుంది.

తేడాలూ నిష్పత్తులూ రెండూ కుదరకపోతే అది ఈ రెండు రకాల్లోదీ కాదు. 1, 4, 9, 16 అలాంటిదే. అవి వర్గ సంఖ్యలు. "ఇది రెండూ కాదు" అనడం కూడా సరైన జవాబే.

మూడో మెట్టు: అడుగులు లెక్కపెట్టి అంకశ్రేఢికి సూత్రం కట్టండి

అగ్గిపుల్లల వరుసలో మొదటి పదం 4. అక్కడి నుంచి ఒక్కో పదానికి ఎన్ని అడుగులు వేశామో విడదీసి రాద్దాం. ఒక్కసారి 3 కలపడం ఒక అడుగు.

1వ పదం: 4 (అడుగులు 0)
2వ పదం: 4 + 3 (అడుగు 1)
3వ పదం: 4 + 3 + 3 (అడుగులు 2)
4వ పదం: 4 + 3 + 3 + 3 (అడుగులు 3)

స్థానం కంటే అడుగులు ఎప్పుడూ ఒకటి తక్కువ. కంచెకు పది రాళ్లు పాతితే వాటి మధ్య ఖాళీలు తొమ్మిదే కదా, ఇదీ అంతే. మొదటి పదం దగ్గర మనం ముందే నిలబడి ఉన్నాం, అక్కడికి అడుగు వేయక్కర్లేదు. సూత్రంలో కనిపించే ఎన్ − 1 అంటే వేసిన అడుగుల సంఖ్య, అంతే.

అందుకని 50వ పదానికి 49 అడుగులు. 4 + 49 × 3 = 4 + 147 = 151. యాభై చతురస్రాలకు 151 పుల్లలు కావాలి. 50 అన్నచోట ఎన్ పెడితే:

ఎన్‌వ పదం = 4 + (ఎన్ − 1) × 3

4 అన్నచోట ఎ, 3 అన్నచోట డి పెడితే పాఠ్యపుస్తకంలోని సూత్రమే వస్తుంది:

ఎన్‌వ పదం = ఎ + (ఎన్ − 1) × డి

మన వరుస సూత్రాన్ని విప్పితే 4 + 3 × ఎన్ − 3, అంటే 3 × ఎన్ + 1. ఈ 1 ఎక్కడిదో పుల్లల్లో చూడండి. ప్రతి చతురస్రానికీ మూడేసి పుల్లలు లెక్కపెట్టుకుంటే, ఎడమవైపు మొట్టమొదట నిలబెట్టిన పుల్ల ఒక్కటి మిగిలిపోతుంది. ఆ ఒక్కటే ఈ 1. సూత్రంలోని ప్రతి ముక్కనూ ఇలా వేలు పెట్టి చూపించగలిగితే లెక్క మీకు అర్థమైనట్టే.

నాలుగో మెట్టు: సూత్రాన్ని రెండుచోట్ల సరిచూడండి

ఎన్ దగ్గర 1 పెట్టండి: 3 × 1 + 1 = 4. మొదటి పదం వచ్చింది. ఒక్కటి సరిపోతే చాలదు, ఇంకోటి చూడాలి. ఎన్ దగ్గర 4 పెట్టండి: 3 × 4 + 1 = 13. అదీ సరిపోయింది.

రెండుచోట్ల ఎందుకంటే, అంకశ్రేఢి సూత్రంలో తేల్చాల్సినవి రెండే: ఎక్కడ మొదలైంది, ఒక్కో అడుగు ఎంత. ఒక్కదాంట్లో తప్పు చేసినా రెండు పరీక్షల్లో ఏదో ఒకటి పట్టిస్తుంది. ఎన్ − 1 బదులు పొరపాటున ఎన్ రాశామనుకోండి, ఎన్ = 1 దగ్గరే 4 రావాల్సింది 7 వచ్చి దొరికిపోతుంది. పరీక్షలో దీనికి పట్టేది అర నిమిషం.

ఐదో మెట్టు: అదే పద్ధతిలో గుణశ్రేఢికి సూత్రం

3, 6, 12, 24 తీసుకోండి. ఇక్కడ అడుగు అంటే 2తో గుణించడం.

1వ పదం: 3
2వ పదం: 3 × 2
3వ పదం: 3 × 2 × 2
4వ పదం: 3 × 2 × 2 × 2

ఇక్కడా స్థానం కంటే అడుగులు ఒకటి తక్కువే. ఒకే సంఖ్యను మళ్లీ మళ్లీ కలిపితే అది గుణకారం అవుతుంది, మళ్లీ మళ్లీ గుణిస్తే ఘాతం అవుతుంది. రెండు సూత్రాల మధ్య తేడా అంతా ఇదే.

ఎన్‌వ పదం = 3 × 2^(ఎన్ − 1)

అన్ని గుణశ్రేఢులకూ: ఎన్‌వ పదం = ఎ × ఆర్^(ఎన్ − 1)

10వ పదం కావాలంటే 9 అడుగులు: 2^9 = 512, దాన్ని 3తో గుణిస్తే 1,536.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 3 × 2^9 చూడగానే ముందు 3నీ 2నూ గుణించి 6^9 చేసేస్తారు. ఘాతం 2కు మాత్రమే. ముందు ఘాతం, తర్వాత గుణకారం. మొదటి పదం 3 ఒక్కసారే వస్తుందని పైన విడదీసి రాసినప్పుడు చూశాం.

ఆర్ భిన్నమైనా, రుణసంఖ్య అయినా పద్ధతి మారదు. 81, −27, 9, −3లో −27 ÷ 81 = −1/3. సూత్రం 81 × (−1/3)^(ఎన్ − 1). రుణసంఖ్యనూ భిన్నాన్నీ తప్పకుండా బ్రాకెట్లో పెట్టండి, లేకపోతే గుర్తులు తారుమారవుతాయి.

ఆరో మెట్టు: లెక్క 0 నుంచి మొదలైతే ఏం మారుతుంది?

అడుగుల లెక్క అర్థమైనవాళ్లకు ఇది సులువు. బట్టీ పట్టినవాళ్లకు మాత్రం ఇక్కడ గట్టి దెబ్బ తగులుతుంది.

పదివేల రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తీసుకున్నారనుకుందాం. వందకు నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. నోటు రాసిన రోజు 0వ ఏడు. బారువడ్డీ అయితే ఏటా 2,400 కలుస్తుంది:

0వ ఏడు 10,000. 1వ ఏడు 12,400. 2వ ఏడు 14,800. 3వ ఏడు 17,200

ఇది అంకశ్రేఢి. లెక్క 0 నుంచి మొదలుపెట్టాం కాబట్టి మూడో ఏటికి వేసిన అడుగులు సరిగ్గా మూడు. ఒకటి తీసేసే పని లేదు. సూత్రం: 10,000 + 2,400 × ఎన్.

చక్రవడ్డీ అయితే ఏడాదికోసారి వడ్డీని అసల్లో కలుపుతారు. 24 శాతం పెరగడమంటే ఉన్నదాన్ని 1.24తో గుణించడమే:

0వ ఏడు 10,000. 1వ ఏడు 12,400. 2వ ఏడు 15,376. 3వ ఏడు 19,066.24

ఇది గుణశ్రేఢి. సూత్రం: 10,000 × (1.24)^ఎన్.

మొదటి ఏడు రెండూ ఒకటే. మూడో ఏటికి తేడా 1,866 రూపాయలు. పదో ఏటికి బారువడ్డీ లెక్కన 34,000 అయితే, చక్రవడ్డీ లెక్కన దాదాపు 85,944. అప్పు తీసుకునేటప్పుడు వడ్డీ ఎంత అన్నదొక్కటే అడిగితే చాలదు. కలుపుతూ పోతుందా, గుణిస్తూ పోతుందా అన్నది తప్పకుండా అడగాలి. ఈ పాఠం ప్రతి ఇంట్లోనూ తెలియాల్సింది ఇందుకే.

జిరాక్స్ షాపులో వాడే కాగితాలూ 0 నుంచే లెక్క. ఏ0 సైజు కాగితం వైశాల్యం ఒక చదరపు మీటరు. దాన్ని సగానికి కోస్తే ఏ1, మళ్లీ సగానికి కోస్తే ఏ2. ఆర్ = 1/2. ఏ4కు నాలుగు అడుగులు: (1/2)^4 = 1/16 చదరపు మీటరు. కట్ట మీద 80 జీఎస్ఎం అని ఉంటుంది, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు. 80ని 16తో భాగిస్తే 5. ఒక్క ఏ4 కాగితం బరువు 5 గ్రాములు, 500 కాగితాల కట్ట రెండున్నర కిలోలు. తూకం వేసి చూసుకోవచ్చు.

అందుకని ఏ లెక్కలోనైనా ముందు ఈ ప్రశ్న వేసుకోండి: మొదటి పదాన్ని 1 అన్నారా, 0 అన్నారా? అడుగులు ఎన్నో అప్పుడే తేలుతుంది.

ఏడో మెట్టు: సూత్రాన్ని వెనక్కి నడిపించండి

పరీక్షల్లో ప్రశ్న తరచూ తిరగేసి వస్తుంది. 7, 11, 15... అనే శ్రేఢిలో 203 ఎన్నో పదం? మొదటి పదం నుంచి దూరం 203 − 7 = 196. ఒక్కో అడుగు 4, కాబట్టి 196 ÷ 4 = 49 అడుగులు. 49 అడుగులంటే 50వ పదం. భాగహారంలో శేషం మిగిలితే ఆ సంఖ్య శ్రేఢిలో లేనట్టే. 205తో చేసి చూడండి, తెలుస్తుంది.

రెండు పదాలే ఇచ్చి సూత్రం అడిగినా భయం లేదు. 3వ పదం 17, 8వ పదం 42 అన్నారనుకోండి. మూడు నుంచి ఎనిమిదికి ఐదు అడుగులు. ఆ ఐదు అడుగుల్లో పెరిగింది 25. ఒక్కో అడుగు 5. 3వ పదం నుంచి రెండు అడుగులు వెనక్కి వస్తే 17 − 10 = 7, అదే మొదటి పదం. సూత్రం 7 + (ఎన్ − 1) × 5, విప్పితే 5 × ఎన్ + 2.

గుణశ్రేఢిలో 2వ పదం 6, 5వ పదం 162 అంటే మధ్య మూడు అడుగులు. 162 ÷ 6 = 27. మూడుసార్లు గుణిస్తే 27 వచ్చే సంఖ్య 3. ఒక అడుగు వెనక్కి వేస్తే 6 ÷ 3 = 2. సూత్రం 2 × 3^(ఎన్ − 1).

ఎనిమిదో మెట్టు: నియమానికి కారణం అడగండి

ఒక వృత్తం గీసి దాని అంచు మీద చుక్కలు పెట్టి, అన్నింటినీ ఒకదానితో ఒకటి గీతలతో కలపండి. లోపల మూడు గీతలు ఒకేచోట కలవకుండా చూసుకోండి. వృత్తం ఎన్ని ముక్కలైంది? ఒక చుక్కకు 1, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, ఐదింటికి 16. ఆరింటికి 32 అనిపిస్తుంది. గీసి లెక్కపెట్టండి, 31 వస్తాయి. ఐదు పదాలు గుణశ్రేఢిలా కనిపించినా అది గుణశ్రేఢి కాదు.

గోదావరి పుష్కరాలూ ఇలాంటి జాగ్రత్తే చెబుతాయి. 1991, 2003, 2015, 2027. పన్నెండేళ్ల అంకశ్రేఢి. కానీ పుష్కరం బృహస్పతి రాశి మారడాన్ని బట్టి వస్తుంది. బృహస్పతి సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి పట్టేది సుమారు 11.86 ఏళ్లు, పన్నెండు కాదు. ఆ కొద్దిపాటి తేడా పోగుపడి అప్పుడప్పుడూ పుష్కరం పదకొండేళ్లకే వస్తుంది. ఈ సూత్రం దగ్గరి పుష్కరాలకు పనికొస్తుంది, శతాబ్దాల దూరానికి పనికిరాదు.

అగ్గిపుల్లల విషయంలో మూడే ఎందుకు కలుస్తాయో మనకు తెలుసు. ఒక పుల్ల ఉమ్మడి. ఆ కారణం తెలిసింది కాబట్టే వెయ్యో పదం గురించి కూడా ధైర్యంగా చెప్పగలం.

తొమ్మిదో మెట్టు: పదాల మొత్తం

సూత్రం చేతికొచ్చాక మొత్తం కట్టడం దూరం కాదు. మొదటి నెల 100 రూపాయలు, తర్వాత నెలనెలా 50 పెంచుతూ ఏడాది పాటు దాచారనుకోండి. 12వ నెలకు 11 అడుగులు: 100 + 550 = 650. మొదటిదీ చివరిదీ కలిపితే 750. రెండోదీ చివరి నుంచి రెండోదీ కలిపినా 150 + 600 = 750. ఇలాంటి జతలు ఆరు. 6 × 750 = 4,500 రూపాయలు.

మొదటి పదాన్నీ చివరి పదాన్నీ కలిపి, పదాల సంఖ్యలో సగంతో గుణించాలన్న ఈ పద్ధతిని క్రీ.శ. 499లోనే ఆర్యభటుడు ఆర్యభటీయంలో చెప్పాడు.

గుణశ్రేఢికి జతలు కుదరవు, వేరే ఉపాయం కావాలి. చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, తర్వాత గడిగడికీ రెట్టింపు పెడుతూ 64 గడులు నింపితే మొత్తం ఎన్ని? 1 + 2 + 4 + ... + 2^63. దీని కింద దీనికి రెట్టింపు రాయండి: 2 + 4 + 8 + ... + 2^64. కింది వరుసలోంచి పై వరుసను తీసేస్తే మధ్యలోవన్నీ కొట్టుకుపోతాయి. మిగిలేది 2^64 − 1. రెట్టింపులోంచి అసలును తీసేస్తే అసలే మిగులుతుంది కాబట్టి ఇదే మన మొత్తం:

18446744073709551615

ఈ ఇరవై అంకెల సంఖ్య తెలుగువాళ్లకు కొత్తది కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన పేరిట ప్రసిద్ధమైన పద్యం ఒకటి సరిగ్గా ఈ సంఖ్యనే చెబుతుంది. అందులో అంకెలకు బదులు మాటలుంటాయి. చంద్రుడు అంటే 1, వేదాలు 4, బాణాలు 5, ఆకాశం 0. ఆ మాటలకు అంకెలు వేసి కుడి నుంచి ఎడమకు చదివితే పైన రాసిన సంఖ్య వస్తుంది. కాలిక్యులేటర్లు లేని కాలంలో గుణశ్రేఢి మొత్తాన్ని ఒక్క అంకె తప్పకుండా లెక్కగట్టి, పద్యంలో భద్రపరిచారు మనవాళ్లు. శ్రేఢుల పాఠం చెప్పే ప్రతి తరగతి గదిలోనూ ఈ పద్యం వినిపించాలి.

ఇక మీరు చేయండి

వీటికి సూత్రం కట్టి, రెండుచోట్ల సరిచూసుకున్నాకే కింది జవాబులు చూడండి.

1. 9, 13, 17, 21
2. 50, 47, 44, 41
3. 5, 15, 45, 135
4. 160, 80, 40, 20
5. 2, 6, 12, 20

జవాబులు:

1. 4 × ఎన్ + 5
2. 53 − 3 × ఎన్
3. 5 × 3^(ఎన్ − 1)
4. 160 × (1/2)^(ఎన్ − 1)
5. రెండు రకాల్లోదీ కాదు. 1 × 2, 2 × 3, 3 × 4, 4 × 5 అని రాసి చూస్తే దానికీ సూత్రం దొరుకుతుంది: ఎన్ × (ఎన్ + 1).

ఎక్కడైనా జవాబు కలవకపోతే సూత్రాన్ని దిద్దడానికి తొందరపడకండి. మొదటి మెట్టుకు వెళ్లి స్థానాలు రాసి, నాలుగు పదాలను విడదీసి, అడుగులు లెక్కపెట్టండి. తప్పు ఎక్కడుందో అక్కడే కనిపిస్తుంది. రోజూ రెండు శ్రేఢులు మీరే తయారుచేసుకుని ఇలా చేస్తే సూత్రాల కాగితం అవసరమే రాదు.